రోడ్డుకు అవతల ఆగిన చుక్క

ఎండలు ముదరకముందే మా ఆఫీసులోకి మిర్చి ఘాటు వచ్చేస్తుంది. మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే కిటికీలు మూసినా లాభం లేదు. ముందు గొంతులో గరగర, తరువాత కళ్లలో నీళ్లు, ఆ తరువాత గదిలో ఎవరో ఒకరు తుమ్మడం. మొన్న కొత్తగా చేరిన మౌనిక తుమ్మింది. నేను కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే "ఎవరికిచ్చినవ్?" అని అడిగేశాను. ఆ పిల్ల బిత్తరపోయింది. నాతో పాటే ఇక్కడ చేరి నాతో పాటే తల నెరుస్తున్న రమేశ్ నవ్వాడు. ఆ మాట నాది కాదనీ, పెద్ద మేడందనీ, ఈ గదిలో తుమ్మినవాళ్లు ఎవరికి అంటించారో లెక్క చెప్పకుండా తప్పించుకోలేరనీ ఆమెకు వివరించాడు. అతను చెబుతున్నంతసేపూ నేను ఘాటు వంకతో కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను.

పెద్ద మేడం అంటే డాక్టర్ సుగుణ. నర్సంపేటలో కిరాణా దుకాణం వాళ్ల ఆడపిల్ల. చిన్నప్పుడే తండ్రి పోతే పెద్దన్న దుకాణంలో కూర్చుని ఆమెను డాక్టరు చదివించాడు. ఒక్కొక్క రోగికి మందు రాయడం కన్నా ఊరు ఊరంతా ఎందుకు జబ్బు పడుతుందో తెలుసుకోవడం మీదే ఆమెకు ఆసక్తి. కాలేజీలో అదే పాఠం చెప్పి, రిటైరయ్యాక హనుమకొండలో ఒక బట్టల దుకాణం మీది అంతస్తు అద్దెకు తీసుకుని మా చిన్న పరిశోధన కేంద్రం పెట్టింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. పొట్టి మనిషి, నూలు చీర, ముక్కు మీద కోపం. ఆ కోపం ఎంత తొందరగా వచ్చేదో అంత తొందరగానూ పోయేది, కానీ వచ్చినప్పుడు ఎదురుగా ఉన్నవాడి పని అంతే. బయటికి వెళ్లబోతుంటే ఒంటి తుమ్ము వినబడితే ఆగి, కూర్చుని, నీళ్లు తాగి బయలుదేరడం మన ఇళ్లలో ఉన్నదే. చదువుకున్నామని మేం దాన్ని చూసి నవ్వితే ఆమె మమ్మల్ని చూసి నవ్వేది. తుమ్మినవాడు జర సేపు ఇంట్లో కూర్చుంటే ఊరికి మేలే కదా, పెద్దలకు కారణం తెలియకపోయినా పని తెలుసు అనేది.

నేను మొదటిసారి ఆమె ముందు కూర్చున్నప్పుడు స్టాటిస్టిక్స్ సూత్రాలన్నీ బట్టీ పట్టి వెళ్లాను. మాది నర్సంపేట పక్క పల్లె, పత్తీ వరీ పండించే ఇల్లు. ఆమె సూత్రాల జోలికే పోలేదు. నిన్న మీ ఇంటికి ఎవరెవరు వచ్చారు అని అడిగింది. ఎవరూ రాలేదన్నాను. "ఎవ్వలు రాని ఇల్లు మన దిక్కు ఉంటదా బిడ్డా? మల్ల చెప్పు" అంది. అప్పుడు ఒక్కొక్కరూ గుర్తుకొచ్చారు. పాలవాడు, పెరుగు తోడుకోసం వచ్చిన పక్కింటి చిన్నమ్మ, పత్తి తూకం మాట్లాడడానికి వచ్చినాయన, పొలం గెట్టు తగాదా తీర్చమని మా నాయన దగ్గరికి వచ్చి మళ్లీ మా వాకిట్లోనే కొట్లాడుకున్న బావాబామ్మర్దులు, వాళ్లను విడిపించడానికి వచ్చిన సగం వాడ. చెప్పడం పూర్తయ్యేసరికి నా ముందున్న చాయ చల్లారిపోయింది. ఇదే మన పని, రేపటి నుంచి రా అంది. అంతే నా ఇంటర్వ్యూ.

ఆ పని ఏమిటో తెలియనివాళ్ల కోసం చెప్పాలి. కంప్యూటర్‌లో మేం ఒక ఊరు కడతాం. అందులో ఒక్కో మనిషి ఒక్కో చుక్క. ఆ చుక్కకు ఒక వయసు, ఒక ఇల్లు, ఒక పని, పోయే బడి, ఎక్కే బస్సు ఉంటాయి. ఆ ఊరిలోకి ఒక జ్వరాన్ని వదిలి ఎవరి నుంచి ఎవరికి పోతుందో చూస్తాం. బడి మూస్తే ఏమవుతుంది, మూతికి మాస్కు కడితే ఏమవుతుంది, సంత ఆపితే ఏమవుతుంది అని ఒక్కొక్కటే మార్చి మళ్లీ మళ్లీ నడిపిస్తాం. నిజంగా మహమ్మారి వచ్చినప్పుడు అధికారులు చీకట్లో తడుముకోకుండా ముందే నాలుగు దారులు చూపించడం మా ఉద్దేశం. దానికి పెద్ద పెద్ద ఇంగ్లీషు పేర్లున్నాయి. మేడం మాత్రం బొమ్మ ఊరు అనేది. చేరిన కొత్తలో చుక్కలు ఆరిపోతుంటే చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. "ఈడ ఎంతమంది సచ్చినా ఎవ్వలింట్ల ఏడుపు లేదు. చేసే తప్పులన్నీ ఈడనే చేద్దాం, బయట చెయ్యకుంట" అంది. ఇన్నేళ్లలో మా పని గురించి ఇంతకన్నా బాగా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

అయితే ఎవరు ఎవరిని ఎంతసేపు కలుస్తారు అనే లెక్కలు మాకు ఎక్కువగా బయటిదేశాల పుస్తకాల నుంచే వచ్చేవి. వాటిని ఆమె నమ్మేది కాదు. సాయంత్రమైతే అందరూ ఇల్లు చేరతారని ఆ లెక్కల్లో ఉంటే, సీజన్లో మమ్మల్ని కేసముద్రం మార్కెట్ యార్డుకు తీసుకుపోయింది. అక్కడ బేరం కుదరని రైతులు తమ రాశుల పక్కనే, ఏ ఊరివాళ్లో తెలియనివాళ్లతో ఒకే తాటిపత్రి పట్టా కింద పడుకుని ఉన్నారు. వీళ్లను ఏ ఇంటికి పంపినవురా అని రమేశ్‌ను అందరి ముందూ నిలదీసింది. మేం తిరిగొచ్చి బొమ్మ ఊరి యార్డులో పడకలు వేశాం. ఇలా ఒక్కొక్కటీ దిద్దుకుంటూ పోయేసరికి మా ఊరు మా ఊరిలాగే తయారైందని మాకు గర్వం వచ్చింది. ఆ గర్వం కరోనా మొదటి విడత తగ్గాక దిగిపోయింది.

అప్పుడు మేం చేసిన పని, జరిగిపోయినదాన్ని మా బొమ్మ ఊరు మళ్లీ చేసి చూపిస్తుందా అని పరీక్షించడం. పట్నాలు సరిపోయాయి. పల్లెలు సరిపోలేదు. ఒక పల్లెలో ఒకరు చనిపోయాక మా కంప్యూటర్‌లో జ్వరం సద్దుమణిగేది. నిజంగా అయితే అక్కడే రాజుకుని చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. రమేశ్ సమాచారం తప్పన్నాడు. నేను కోడ్ తప్పన్నాను. మేమిద్దరం తగువులాడుకుంటుంటే మేడం మధ్యలో ఒకటే ప్రశ్న వేసింది.

"సచ్చినోడు మన బొమ్మూర్ల ఏమైతాండు?"

"తీసేస్తం మేడం" అన్నాడు రమేశ్. "చుక్క ఆరిపోతది. ఇగ ఎవ్వలను కలువడు."

 ఆమె నవ్వింది, ఆ నవ్వులోనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మన దిక్కు మనిషి పోయినంకనే గదా అందరు కలిసేది" అంది. "బతికున్నప్పుడు తొంగి సూడనోడు గూడ అప్పుడొస్తడు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మాలో దినాలకు పోనివాళ్లెవరు? ఆ వారంలోనే నేను మా మేనత్త ఊళ్లో పరామర్శకు పోయి, చాప మీద అందరితో ఇరుక్కుని కూర్చుని, ఏడ్చేవాళ్ల భుజాలు పట్టుకుని, బంతిలో తిని వచ్చాను. రమేశ్ అంతకుముందు వారం పోయొచ్చాడు. కేసముద్రం దాకా పోయి తాటిపత్రులు వెతికినవాళ్లం, మా ఒంటికి అంటుకుని ఉన్నదాన్ని చూడలేదు. పుస్తకాల్లో చావు అంటే లెక్కలోంచి తీసివేత. అది రాసినవాళ్ల దేశంలో అది నిజమేనేమో. మనకు మాత్రం అది ఎంత అబద్ధమో తెలిసి కూడా మేం అలాగే దింపేసుకున్నాం.

మేం దినాలను బొమ్మ ఊరిలో రాశాం. కడసారి చూపు, పరామర్శ, చివరి రోజు భోజనం అన్నీ రాసి నడిపించాం. ఒక చుక్క ఆరిపోయింది. కాసేపటికి దాని పక్క ఇళ్ల చుక్కలు కదిలాయి, తరువాత ఊరి అవతలి చుక్కలు, తరువాత వేరే మండలాల నుంచి ఒకటీ రెండూగా వచ్చి ఆ ఇంటి చుట్టూ చేరాయి. అంతవరకూ అదొక లెక్క మాకు. ఆ రోజు మాత్రం ముగ్గురం లేచి నిలబడి చూశాం, ఎవరింటికో పోయినట్టు.

ఈసారి పల్లెలు సరిపోయాయి. సరిపోవడంతో అసలు చిక్కు మొదలైంది. తరువాతి విడత వచ్చేలోపు ఏం చేయాలో ప్రణాళిక వేస్తున్న అధికారి ఒకాయన మమ్మల్ని పిలిపించాడు. మంచివాడే, వినే మనిషి. మేం చూపించింది చూసి ఆయన వెంటనే తేల్చేశాడు: అయితే దినాలు నిషేధిద్దాం, ఇంటి ముందు పోలీసును పెడదాం. మేడం నన్ను నిషేధం పెట్టి కూడా నడిపి చూపించమంది. అది మేం ముందే సిద్ధం చేసుకుని పోయాం. నిషేధం పెడితే మొదట్లో జ్వరం తగ్గినట్టే తగ్గి తరువాత పైకి లేచింది. ఎందుకంటే అందులో మేం ఇంకో మాట కూడా రాశాం: పోయాక ఎవరినీ చూడనివ్వరని తెలిస్తే మనుషులు జ్వరాన్నే దాస్తారు, దవాఖానకు తీసుకుపోరు, తమవాళ్లు తమ చేతుల్లోనే పోవాలనుకుంటారు. జనం అలా దాస్తారని మీకెలా తెలుసు అని ఆయన మర్యాదగానే అడిగాడు.

"నేనైతే దాస్త సార్" అంది మేడం.

ఆ గదిలో అందరూ ఆమె వైపే చూశారు. ఆమె కంగారు పడలేదు. దినాలను ఆపమని కాదు, గుంపును విడగొట్టమని అడుగుతున్నానంది. అందరూ ఒక్క రోజే రాకుండా వంతులుగా రావాలి, లోపల కాకుండా వాకిట్లో కూర్చోవాలి, బంతి భోజనం బదులు గిన్నెల్లో ఇంటికి పంపాలి, ఒంట్లో నలతగా ఉన్నవాళ్లూ రోగుల మధ్య తిరుగుతున్నవాళ్లూ ఇంట్లోకి పోకూడదు. ఇవి నడిపి చూపిస్తే జ్వరం నిషేధంలో కన్నా తక్కువే పాకింది. ఆయన ఒప్పుకున్నాడు. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చెప్పడానికి ఒక సలహా కాగితం తయారైంది. కొన్ని ఊళ్లు విన్నాయి, కొన్ని వినలేదు. విన్న చోట కూడా ఆ కాగితం రాసిన మేడంను తిట్టుకుంటూనే విన్నారు.

రెండో విడత భగ్గుమన్నప్పుడు ఆమె పెద్దన్న పోయాడు. కరోనాతో కాదు, దుకాణంలో కూర్చుని ఉండగానే గుండె ఆగింది. ఫోను వచ్చినప్పుడు నేను ఆమె పక్కనే ఉన్నాను. వారం రోజులుగా ఆమె దవాఖాన వార్డుల్లో తిరుగుతోంది, పొద్దున్నుంచి గొంతు మంటగా ఉందని అంటోంది. నేను కారు నడిపాను. ఆమె వెనక సీట్లో, మాస్కు కట్టుకుని, అద్దం దించుకుని కూర్చుంది. ఇల్లు కనబడగానే రోడ్డుకు ఇవతలే ఆపమంది. దిగి, ఒక మూసిన దుకాణం చూరు కింద నిలబడింది. ఎదురుగా వాకిట్లో ఆయనను పడుకోబెట్టి ఉన్నారు. ముఖం కనబడుతోంది.

ఆమె వదిన చూసింది. లేచి గడప దగ్గరికి వచ్చింది. "రా సుగుణా, లోపలికి రా" అని పిలిచింది. మేడం చేతులు జోడించి తల అడ్డంగా ఊపింది. వదినకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె గొంతు మారింది. "ఆయనకు ఆ రోగం లేదు. నిన్ను బిడ్డ లెక్క సాదిండు. గింత దూరం వచ్చి గడప తొక్కవా?" అంది. మేడం గొంతు నొస్తోందని, వార్డుల్లోంచి వస్తున్నానని చెప్పబోయింది కానీ మాట ఆ రోడ్డు దాటలేదు. వదిన వెనక్కి తిరిగింది. ఆ తరువాత మళ్లీ ఇటు చూడలేదు. ఎత్తుకుపోయేదాకా మేడం ఎండ కాళ్ల మీద పడుతున్నా అలాగే నిలబడింది. లోపల ఉన్నవాళ్లు, పక్కిళ్లవాళ్లు ఎవరూ ఆమెకు ఇన్ని మంచినీళ్లు కూడా తేలేదు. నేను కారులోంచి నీళ్ల సీసా ఇస్తే వద్దంది.

తిరిగి వస్తుంటే నాకు వదిన మీద కోపం ఆగలేదు. నోటికి వచ్చినట్టు అన్నాను. మేడం నన్ను కసిరింది. రాసిన నిబంధన నాది, పోయింది ఆమె పెనిమిటి, ఆమెను అనే హక్కు నీకెక్కడిది అంది. ఊరు దాటాక మెల్లగా అంది: "స్వప్నా, మన బొమ్మూర్ల రెండు తీర్లోళ్లే ఉన్నరు. పోయెటోళ్లు, పోనోళ్లు. ఇంకో తీరు రాయాలె బిడ్డా. పోయి బయట నిలబడెటోళ్లు." అప్పుడు ఏడ్చింది. నేను కారు పక్కకు ఆపి, ముందు సీట్లోనే కూర్చుని, వెనక్కి తిరగకుండా ఉన్నాను. ముట్టుకునే వీలు లేదు. ఆ రోజు నాకు నేను రాసిన ప్రతి నిబంధన మీదా అసహ్యం కలిగింది. అవి తప్పని కాదు, అవి సరైనవే అయినందుకు.

మరునాడు ఆమెకు పాజిటివ్ వచ్చింది. ఆ ఇంట్లో అంతమంది ముసలివాళ్లున్నారు. ఆ మాట వదినకు చెప్పమని నేనూ రమేశ్ ఎంత పోరినా ఒప్పుకోలేదు. నాదే ఒప్పయిందని పోయి చెప్పుకోవాల్నా అని అడిగింది. కోలుకుని వచ్చాక బొమ్మ ఊరిలో ఆ మూడో తీరు రాయించి, సలహా కాగితంలో తన చేత్తో ఒక వాక్యం కలిపింది: ఇంట్లోకి రాలేనివాళ్ల కోసం రోడ్డుకు అవతల, నీడ పట్టున, దూరం దూరంగా కుర్చీలు వేయండి. అధికారులకు అది చిన్న విషయంగా తోచింది. కానీ కూర్చోవడానికి చోటుంటే ఎక్కువమంది బయటే ఆగిపోయారు. రాకుండా ఉండలేక లోపలికి పోయేవాళ్లు తగ్గారు. బొమ్మ ఊరిలోనూ అలాగే జరిగింది, నిజం ఊళ్లలోనూ కొన్నిటిలో అలాగే జరిగింది.

వదిన చాలా కాలం మాట్లాడలేదు. మేడం పండుగ పండుగకూ నర్సంపేట పోయి దుకాణంలో కాసేపు కూర్చుని వచ్చేది. వదిన చాయ పెట్టి పక్కన ఉంచి లోపలికి పోయేది. కొన్నేళ్లకు మేడంకు పెద్ద జబ్బు చేసి, అది ముదిరాక మాత్రం వదినే బట్టల సంచితో హనుమకొండ వచ్చి, చివరిదాకా దగ్గరుండి చేసింది. ఇద్దరూ పప్పు ధరల దగ్గర్నుంచి పాత సినిమాల దాకా అన్నీ మాట్లాడుకునేవాళ్లు, ఆ ఒక్క రోజు తప్ప. ఒకసారి వదిన లేనప్పుడు నేను అడిగాను, ఆ రోజు మాట మీరే ఎత్తొచ్చు కదా అని. "ఆమె అన్ననాడు అంటది. నేను తొందర పెట్ట" అంది మేడం. వదిన అనలేదు. మేడం పోయింది, ఆ మాట అలాగే ఉండిపోయింది.

మేడం దినాలు నర్సంపేటలో ఆ ఇంట్లోనే చేశారు. అప్పటికి కరోనా మాట ఎవరూ ఎత్తడం లేదు. వాకిలి నిండా జనం, లోపల బంతులు సాగుతున్నాయి. నాకు రెండు రోజులుగా జలుబు, కాస్త జ్వరం. మామూలు జలుబే. లోపలికి పోతే ఎవరూ ఏమీ అనరు. అయినా కారు దిగగానే నా కాళ్లు ఆ మూసిన దుకాణం చూరు కిందికే పోయాయి. చేతి రుమాలు మూతికి పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. రమేశ్ రమ్మని పిలిచి, నా ముఖం చూసి, మళ్లీ పిలవకుండా తను వెళ్లాడు.

వడ్డన చూస్తున్న వదిన ఎందుకో ఇటు చూసింది. కాసేపు కదలకుండా అలాగే చూసింది. తరువాత షామియానా కింది నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకుంది. ఎవరో అందుకోబోతే ఇవ్వలేదు. మోకాళ్ల నొప్పుల మనిషి, ఆ కుర్చీ పట్టుకుని, ఆటోలు ఆగేదాకా ఆగి, రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చింది. దూరంగా ఉండమ్మా, జలుబుంది అన్నాను. ఆమె వినిపించుకోలేదు. కుర్చీ నీడలోకి జరిపి, కొంగుతో తుడిచింది.

"ఆనాడు దానికి ఎయ్యలే" అంది. "నువ్వన్న కూసో బిడ్డా."

నేను కూర్చున్నాను. ఆమె కాసేపు నా పక్కన నిలబడి, తన ఇంటిని అక్కడి నుంచి చూసింది. మేడం నిలబడి చూసిన చోటి నుంచి అది ఎలా కనబడుతుందో చూస్తున్నట్టు అనిపించింది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. కాసేపటికి గిన్నెలో నాకు అన్నం వచ్చింది.

మొన్న తుమ్ము గొడవ అయ్యాక మౌనికకు బొమ్మ ఊరు నడిపి చూపించాను. ఈ కొత్త జ్వరం ఇంకా ఎక్కడా లేదు. వస్తే ఎలా ఉంటుందో మేం ఊహించి వదిలింది. ఒక చుక్క ఆరింది. మిగతావి కదిలి ఆ ఇంటి వైపు వచ్చాయి. పిల్ల చురుకైనది, ముందుకు వంగి తెర మీద వేలు పెట్టింది. ఒక చుక్క ఇంటి దాకా వచ్చి, రోడ్డుకు అవతల ఆగిపోయి ఉంది. లోపలికీ పోవడం లేదు, తిరిగీ పోవడం లేదు.

"మేడం, ఇది ఇరుక్కున్నట్టుంది. కోడ్‌ల తప్పా?"

రమేశ్ తన పని ఆపి నా వైపు చూశాడు.

"తప్పు కాదు బిడ్డా" అన్నాను. "అది మా మేడం."